నోరు తెరిచి నిద్రపోయే పాప

ఆ ఏడు నాకు అంగన్‌వాడీ ఉద్యోగంలో పద్నాలుగో ఏడు. ప్రొద్దుటూరు నుంచి షేర్ ఆటోలో రాజుపాలెం దాటి ఆ ఊరు చేరేసరికే సగం ఓపిక అయిపోయేది. మిగతా సగం, పిల్లల ఫోటోలు ఫోన్‌లోని సర్కారు యాప్‌లో ఎక్కించడానికి సిగ్నల్ వెతుక్కుంటూ గుమ్మం బయట నిలబడటానికి సరిపోయేది. అలాంటి రోజుల్లో రెండున్నరేళ్ల పాప ఒకతె మా కేంద్రానికి వచ్చింది. తండ్రి కువైట్‌లో డ్రైవరు. తల్లి ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుట్టేది.

వచ్చిన వారంలోనే పాప ఇద్దరు పిల్లలను కొరికింది. పళ్లెం తోసేసేది. ఉడికించిన గుడ్డు నమలడానికి అరగంట పట్టేది. పాట మొదలుపెడితే చెవులు మూసుకుని అరిచేది, కాసేపటికి కూర్చున్నచోటే తూలేది. కళ్ల కింద నలుపు. నోరు ఎప్పుడూ తెరిచే ఉండేది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలను చాపల మీద పడుకోబెట్టేవాళ్లం. రిజిస్టర్లు రాసుకోవడానికి నాకు దొరికేది ఆ గంటే. పాప పడుకుందంటే మాత్రం పెద్ద మగమనిషిలా గురక. పక్క పిల్లలు లేచి ఏడ్చేవాళ్లు. అందుకని నేనొక పని చేశాను. పాపను పడుకోనివ్వలేదు. నా కుర్చీ పక్కన కూర్చోబెట్టుకుని, కళ్లు మూతలు పడుతుంటే తడిగుడ్డతో మొహం తుడిచేదాన్ని. అలా మూడు వారాలు. సాయంత్రానికి పాప ఇంకా మొండికేసేది, నేను ఇంకా గట్టిగా అరిచేదాన్ని.

ఒకరోజు పొద్దున ఒక పిల్లవాడి చెంప మీద పాప పళ్లు దిగాయి. వాడి తాత పొలం నుంచి నేరుగా వచ్చాడు.

"ఏమ్మా, పిల్లోల్లను చూస్తాండావా, గమ్మున కూచోనుండావా? రేపట్నుంచి మావోన్ని పొద్దుటూరు బడికి పంపిస్తాం" అని మనవడిని చంకనేసుకుని వెళ్లిపోయాడు.

పాప తల్లికి కబురు పెట్టాను. దారాల ముక్కలు అంటుకున్న చీరతోనే వచ్చింది.

"రేపటి నుంచి పాపను పంపొద్దులేమ్మా. కొన్నాళ్లు ఇంట్లోనే పెట్టుకో" అన్నాను.

"ఇంట్లో ఎట్ల టీచరమ్మా? రాత్రంతా మంచం మీద పొర్లాడ్తాది. ఒళ్లంతా చెమట. నాకూ నిద్ర ల్యాదు. పగలన్నా మీరు చూస్తారనుకుంటి."

సాయంత్రం వచ్చి తీసుకుపోతానని ఆమె వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం పాపను మేలుకోబెట్టే ఓపిక కూడా నాకు లేకపోయింది. పడుకుంటే పడుకోనీ అని వదిలేశాను. కాసేపటికి మా ఆయా పిలిచింది. నాకంటే పదేళ్లు పెద్దది, ఊరికే పిలిచే మనిషి కాదు.

"టీచరమ్మా, ఆ పుస్తకాలు పక్కన పెట్టి ఈడికి రా. ఈ బిడ్డ ఊపిరి చూడు."

పాప మెడ వెనక్కి విరుచుకుని పడుకుంది. గురక ఉన్నట్టుండి ఆగిపోయింది. పొట్ట ఎగసిపడుతోంది, కానీ ముక్కు దగ్గర పెట్టిన నా వేలికి గాలి తగల్లేదు. ఆయా వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. తొమ్మిది దాకా వచ్చింది. నేను తట్టి లేపబోయేలోపు పాప ఒళ్లు అదిరింది, నీళ్లలోంచి పైకి తేలినట్టు ఒక్కసారి గాలి పీల్చింది. కళ్లు తెరవలేదు. మళ్లీ గురక, మళ్లీ ఆగడం.

"బిడ్డ నిద్రపోతాందనుకుంటిమి. ఇదేం నిద్ర?" అంది ఆయా.

మూడోసారి ఆగినప్పుడు ఫోన్‌లో వీడియో తీశాను. సాయంత్రం తల్లికి చూపిస్తే రెండుసార్లు చూసింది.

"రోజూ ఇట్లనే. గుర్రు పెడితే బాగా నిద్ర పట్టిందనుకుంటి టీచరమ్మా. వాళ్ల నాయినా ఇంతే" అంది. తర్వాత, డాక్టరుకు చెప్పడం తనకు రాదని, నన్ను తోడు రమ్మంది.

మర్నాడు ప్రొద్దుటూరులో పిల్లల డాక్టరుకు వీడియో చూపించాం. ఆమె పాప గొంతు చూసి, ఎక్స్‌రే తీయించి, ముక్కు వెనకాల కండ పెరిగి గాలి దారి మూసేస్తోందని చెప్పింది.

"శానా కొరుకుతాది మేడం, కొడతాది" అంది తల్లి, అది వేరే జబ్బన్నట్టు.

"నిద్ర చాలకపోతే పెద్దవాళ్లం తూలుతామమ్మా. ఇంత పిల్లలు చాలామంది తిరగబడతారు. పాపది పొగరు కాదు, అలసట" అంది డాక్టరు.

నేను ఎక్స్‌రే కవరు వైపే చూస్తూ కూర్చున్నాను.

ముక్కులో కొట్టే మందు కొన్ని వారాలు వాడారు. పెద్దగా తగ్గలేదు. ఆపరేషన్ అనేసరికి కువైట్ నుంచి తండ్రి ఒప్పుకోలేదు, అంత చిన్నబిడ్డకు మత్తు సూది వద్దన్నాడు. తల్లి ఏమీ వాదించకుండా నేను తీసిన వీడియో పంపింది. గంట తర్వాత ఫోన్ చేసి, చేయించమన్నాడట. కడపలో చేయించారు.

నెల తర్వాత పాప తిరిగి వచ్చింది. ఒక్క రోజులో ఏమీ మారలేదు. రెండోరోజే ఒకరి చేయి కొరికింది. కానీ గుడ్డు తొందరగా తినేది. పాట పూర్తయ్యేదాకా కూర్చునేది. రెండు నెలలకు కొరకడం మానేసింది. చెంప మీద పళ్లు పడ్డ పిల్లవాడు మాత్రం మళ్లీ మా దగ్గరికి రాలేదు.

తడిగుడ్డ సంగతి పాప తల్లికి ఒకరోజు చెప్పేశాను. మోయలేక చెప్పాను. ఆమె తలెత్తలేదు.

"నేను కొడితి టీచరమ్మా. అర్ధరాత్రి లేచి ఏడిస్తే రెండు చేతులతో కొడితి. మీరు మొహమే తుడిస్తిరి."

పాప చేయి పట్టుకుని ఇంటికి నడిచింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, పాప నోరు మూసుకుని పడుకుంది. ఊపిరి వినబడుతుందేమోనని పక్కనే చాప మీద ఒరిగాను. నాకెప్పుడు నిద్ర పట్టిందో తెలియదు. తనిఖీకి సూపర్‌వైజరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడితే, ఆయా నోటి మీద వేలు పెట్టి ఆమెనే బయట కూర్చోబెట్టిందట. లేచాక, పని వేళలో నిద్రపోయానని మెమో ఇచ్చారు. సంతకం పెట్టి తీసుకున్నాను.