బతకాల్సిన జాడీ

ఉదయం తొమ్మిదికి ప్రయోగశాల తలుపు తీసి, వరుసగా ఉన్న ఏడు గాజు జాడీల్లోకి ఆమె వంగి చూసింది. ఫ్యాక్టరీ కాలువ నీళ్ళు పోసిన ఆరు జాడీల్లో డాఫ్నియాలు హాయిగా గెంతుతున్నాయి. మంచినీళ్ళు పోసిన ఏడో జాడీలో ఇరవైకి ఇరవై అడుగున తెల్లగా పడి ఉన్నాయి.

డాఫ్నియా అంటే ఆవగింజంత నీటిపురుగు. నీళ్ళలో విషం కలిస్తే చేపలకంటే ముందు అదే చస్తుంది. ఈ జలపరిశోధన సంస్థలో చేరిన ఆరేళ్ళలో వాటిని సాకి సాకి ఆమె 'పురుగులమ్మ' అనే పేరు తెచ్చుకుంది. ఏడో జాడీని కంట్రోలు అంటారు. అందులోవి బతికి తీరాలి. అవి చస్తే మిగతా ఆరూ చెప్పే సాక్ష్యం చెల్లదు.

పక్క బల్ల దగ్గర ఎప్పుడూ మైక్రోస్కోపుకు అతుక్కుని ఉండే కుర్ర సహోద్యోగిని అందరూ లెన్సు అంటారు. అతను వచ్చి చూశాడు.

"మురుగులో బతికి మంచినీళ్ళలో చచ్చాయా? ఇవీ మనలాగే తయారయ్యాయక్కా."

ఆమెకు నవ్వు రాలేదు. మూడు వారాలుగా రావడం లేదు. సెలవు ముగించుకుని ఉద్యోగంలోకి తిరిగి వచ్చినప్పటి నుంచీ, ఏడు నెలల కూతురు ఆమె పట్టే పాలసీసాను ముట్టడం లేదు. నాయనమ్మ పడితే గుటగుటా తాగే పిల్ల, తల్లి పట్టగానే మొహం తిప్పేసి గుక్కపట్టి ఏడుస్తుంది. పొద్దుపోయాకా, ఆదివారాలూ ఇదే యుద్ధం. పిల్ల బరువు తగ్గింది. పళ్ళొస్తున్నాయేమో అన్నాడు డాక్టరు. పళ్ళు తల్లి దగ్గరే వస్తాయా అని ఆమె లోలోపల కుమిలిపోయింది. వదిలేసి వెళ్ళినందుకు పిల్ల తనను వద్దనుకుందని ఖాయం చేసుకుంది.

లెన్సు ఒక్కొక్కటే అడుగుతూ వచ్చాడు. నీళ్ళు ఎప్పటిలాగే మేడమీది నిల్వతొట్టివి. మేత అన్నిటికీ ఒకటే. జాడీలన్నీ కలిపి కడిగినవే. మిగిలింది నీళ్ళు తెచ్చే డబ్బా. పాతది పగిలిందని నిన్న ఆమె ఇంటి నుంచి ఒకటి తెచ్చింది. కంట్రోలు నీళ్ళు ఆ డబ్బాలోనే కిందికి వచ్చాయి.

అందులో మిగిలిన నీళ్ళను అతను చిన్న గొట్టంలో పోసి, చిటికెడు పరీక్షపొడి వేసి ఊపాడు. నీళ్ళు గులాబీరంగుకు తిరిగాయి. క్లోరిన్.

"దేంతో కడిగావక్కా?"

"పాప సీసాలు నానబెట్టే మందుతోనే."

"ఎంత వేశావు?"

"మూడు మూతలు."

సీసా మీద రాసి ఉన్నది ఒక్క మూత. రెండోది కుళాయి నీళ్ళ మీద అనుమానంతో. మూడోది ఎందుకో ఆమెకే తెలియదు, భయానికి కారణం ఉంటుందా? మందులోంచి తీసిన సీసాను మళ్ళీ నీళ్ళతో కడగరాదని వంటింటి గోడకు కాగితం కూడా అంటించింది. సూక్ష్మజీవుల గురించి ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పింది. ఆ ఘాటైన వాసన వస్తేనే ఆమెకు శుభ్రంగా ఉన్నట్టు తోచేది.

ఆమె ఇంటికి ఫోను చేసింది.

"అత్తయ్యా, పాప సీసాలు..."

అత్తగారు మాట మధ్యలోనే అందుకుంది.

"తెలిసిపోయిందా? కోప్పడకమ్మా. నువ్వు అటు వెళ్ళగానే అన్నీ వేణ్ణీళ్ళతో నాలుగేసిసార్లు తొలుస్తున్నాను. ఆ వాసనకి నాకే కళ్ళు మండుతుంటే పసిది ఎలా తాగుతుందీ? చదువుకున్నదానివి, నీకు చెప్పేంతదాన్నా అని నోరు మూసుకున్నా."

దొంగచాటుగా తొలిచిన ఆ సీసాలే పిల్ల కడుపు నింపాయి.

"మరి రాత్రివి? రాత్రివి కూడా తొలిచారా అత్తయ్యా?"

"రాత్రుళ్ళు నువ్వే చూసుకునేదానివి కదమ్మా."

ఇరవై రాత్రులు. ఏడుస్తున్న పిల్ల దవడలు నొక్కి, రెండు గుక్కలైనా మింగించి, తల్లిగా గెలిచానని నిద్రపోయిన రాత్రులు కూడా వాటిలో ఉన్నాయి.

"పాపకు బట్టలు వెయ్యండి," అంది ఆమె, తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుండగా. "డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఏం చేశానో నేనే చెప్తాను."