దిగులు కాదు, బుగులు

ఇరవై ఏళ్లకు పైగా ఒక మాటను మోస్తున్నాను. మూడక్షరాల మాట. దానికి బరువేముంటుంది అంటారా? ఎవరికీ చెప్పలేదు. మీరైనా వినండి.

తొంభైల్లో నేను సైన్యంలో పాదిరీని. ప్రార్థనలు చేయించడం కంటే జవాన్ల గోడు వినడమే నాకెక్కువ పని. కొండ మీది కాపలాకు ఎవరిని పంపాలో తేల్చేముందు ఆ మనిషి మనసెలా ఉందో కమాండర్‌గారు నన్నడిగేవారు. తెలుగువాళ్లకైతే నేనే దిక్కు. మాది గుంటూరు వైపు. నాకు రాని తెలుగుంటుందా అని లోలోపల బోలెడు గర్వం.

శంషాబాద్ దగ్గరి కొత్తూరు నుంచి వచ్చిన జవాను యాకోబు ఓ మధ్యాహ్నం నా గుడారంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అయ్యగారూ, పైకి పోవాల్నంటే బుగులైతుంది. జర సాబ్‌కు చెప్పుండ్రి."

"ఇంటి మీద దిగులా? ప్రార్థన చేసుకో నాయనా, తగ్గుతుంది."

"దిగులు కాదయ్యగారూ. బుగులు."

ఆ మాట నేనెప్పుడూ వినలేదు. అడగొచ్చుగా? తెలుగు పాదిరీ తెలుగు మాటకు అర్థం అడగడమా, నామోషీ కాదూ! రెండూ ఒకటేలే అన్నాను. తలదించుకుని వెళ్లిపోయాడు. ఇంటి బెంగేనండీ, పంపొచ్చు అని కమాండర్‌గారికి చెప్పాను. నాలుగో రోజు యాకోబు కొండ అంచున కాలు జారి లోయలో పడ్డాడు. బతకలేదు.

అతని సామాన్ల పెట్టె అప్పగించడానికి కొత్తూరు వెళ్లాను. కొడుకు ధైర్యంగా వెళ్లాడని తల్లితో అన్నాను. ఆమె వింతగా చూసింది.

"మిద్దె ఎక్కాల్నన్నా బుగులే వానికి. గుట్ట ఎట్లెక్కిండయ్యా?"

అప్పుడు అర్థమైంది. బుగులంటే భయం. అక్కడే ఒప్పుకోవాల్సింది. కానీ దేవుడే బలమిచ్చాడమ్మా అన్నాను. నా అబద్ధంలోకి దేవుణ్ణి కూడా లాగాను.

రిటైరయ్యాక శంషాబాద్‌లో ఇల్లు తీసుకున్నాను. కొత్తూరికి దగ్గరనేనా? ఏమో. ఇక్కడ సంతలో ఆ మాట చెవిన పడితే చాలు, ఆగిపోతాను. దేనికి బుగులు, కుక్కకా, ఉరుముకా అని ఆరా తీస్తాను. ఈ పెద్దాయనకేం పట్టిందని నవ్వుతారు. నాకు తెలుసుకోవాలనుంది. ఆ రోజు నాకు తెలియనిది నిజంగా మాటేనా? మాట తెలియకపోయినా, టోపీ పట్టుకున్న అతని చేతులు వణకడం నేను చూశాను కదా?

ఆ తల్లి ఇంకా బతికే ఉంది. కొత్తూరు బస్సు మా వీధి చివరే ఆగుతుంది. ఎన్నిసార్లో వెళ్లి నిలబడ్డాను, ఎక్కలేదు. మీకు చెప్పగలిగాను, కాస్త ఊపిరాడుతోంది. ఆమెకు చెప్పాలంటే మాత్రం బుగులు.