సార్ కొండ దిగిన సాయంత్రం

మా స్పోకెన్ ఇంగ్లీష్ సార్ ఇక లేరు. పోయిన వారం మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. ఒకడు "సార్ ఎక్స్‌పైర్డ్" అని పెట్టాడు. వెంటనే ఇంకొకడు, "ఎక్స్‌పైర్ అయ్యేటివి మందులు రా. మనుషులకు పాస్డ్ అవే అనాలె. సార్ చెప్పలే?" అని దిద్దాడు. మరొకమ్మాయి స్పెల్లింగు సరిచేసింది. ఆయన చావు కబురును ఆయన నేర్పిన ఇంగ్లీషుతోనే కాసేపు దిద్దుకున్నాం. నేను ఆఫీసు క్యాంటీన్‌లో నవ్వుతూనే ఏడ్చేశాను.

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డుల వెనక ఒక ఇరుకు గది ఆయన క్లాసు. కింద హారన్ల మోత. కిటికీ మూస్తామంటే ఒప్పుకునేవారు కాదు. "గా హారన్ల మీదికెళ్లి వినబడాలె నీ గొంతు" అనేవారు. నేను భీమవరం నుంచి వచ్చి ఆ పక్క సందులోని హాస్టల్లో ఉండేదాన్ని. ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది. మాట్లాడమంటే నోరు ఎండిపోయేది. ఇంటర్వ్యూలన్నీ అలాగే పోయాయి. ఈసారీ ఉద్యోగం రాకపోతే సామాను సర్దుకుని వచ్చెయ్యమని నాన్న చెప్పేశారు.

ఒకరోజు సార్ మా అందరి హాబీలూ అడిగారు. అందరం 'ట్రావెలింగ్' అన్నాం.

"ఎక్కడికి ట్రావెల్ చేసిన్రు? అమీర్‌పేట నుంచి పంజాగుట్టకా?" అన్నారు. "ఇంటర్వ్యూల అబద్ధం చెప్తే పట్టుకుంటరు. ఆదివారం నడువుండ్రి."

అలా బస్సెక్కి నల్గొండ వైపు ఒక గుట్టకు వెళ్లాం. గుట్ట మీద పాత కోట గోడలు, వాటి లోపల అంతకన్నా పాత బౌద్ధ విహారం. నున్నటి బండల మీద సార్ మాట్లాడుతూనే ఎక్కేశారు. పైన భిక్షువుల గదుల పునాదులు వరసగా ఉన్నాయి.

"చూడుండ్రి, గివి సుత హాస్టల్ రూములే. ఇల్లు ఇడిసి వచ్చిన్రు, గింత జాగల పండుకున్నరు, పెట్టింది తిన్నరు, చదువుకున్నరు. కాకపోతే పక్క బెడ్డోని అలారం లేకుండె."

అందరం నవ్వాం. కానీ నేను ఒక గదిలో నిలబడి చూశాను, అచ్చం మా హాస్టల్ గదంతే ఉంది. ఇక్కడా ఎవరో ఇంటి మీద బెంగ పెట్టుకునే ఉంటారనిపించింది.

దిగేటప్పుడు మిగతావాళ్లు ముందు వెళ్లిపోయారు. వెనక్కి తిరిగి చూస్తే సార్ కోట గోడను రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏంటి సార్, కాలు బెణికిందా?"

"కాలు మంచిగనే ఉన్నది. కొండనే మంచిగ లేదు."

"ఎక్కేటప్పుడు బాగానే ఎక్కారుగా?"

"ఎక్కేటప్పుడు మొఖం పైకుంటదమ్మా. గిప్పుడు కిందికి చూడాలె కదా!"

ఎవరినైనా పిలుస్తానన్నాను. "వద్దు, పరువు పోతది. నువ్వు పో. నేనిక్కడ్నే ఉంట. భిక్షువులు ఉండలేదా? రేపటి క్లాసు మీరే చెప్పుకోండ్రి" అన్నారు. హాస్యానికి అంటున్నారేమో అనుకున్నాను. కానీ ఆయన గోడను వదల్లేదు. కొంచెంసేపట్లో పొద్దు గూకేలా ఉంది.

ఏం చెయ్యాలో తోచలేదు. ఆయనకు ఎదురుగా కింది బండ మీద కూర్చుని, "గుడ్ ఈవినింగ్ సార్. టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అన్నాను.

సార్ నన్ను గుర్రుగా చూశారు. అయినా లోపలి మాస్టారు ఊరుకోలేదు. "ఇంటర్వ్యూ చేసేటోళ్లు సార్ అనరు" అన్నారు.

"ఓకే. ప్లీజ్ కమ్ అండ్ సిట్ హియర్" అని పక్కనున్న రాయి చూపించాను.

కళ్లు నా మొహం మీద నుంచి తిప్పకుండా, కూర్చునే జారి వచ్చారు. ఊరు చెప్తూ ఒక బండ, పెళ్లి సంగతి చెప్తూ ఇంకో బండ దిగారు. ప్రశ్నలు అయిపోతే ఇష్టమైన కూర కూడా అడిగాను.

"వాట్ ఈజ్ యువర్ వీక్‌నెస్?"

"హైట్స్."

"అసలు వీక్‌నెస్ చెప్పకూడదని మీరేగా చెప్పారు!"

"ఇన్ ఇంగ్లీష్, ప్లీజ్" అన్నారు, రాయి వదలకుండానే.

ఆఖరుకు, ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారని అడిగాను.

"ఆన్ ద గ్రౌండ్!" అని కొండ మారుమోగేలా అరిచారు. "ఓన్లీ ఆన్ ద గ్రౌండ్!"

నేల మీద కాలు పెట్టాక గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత నావైపు చూసి, "ఎంతసేపు మాట్లాడినవో తెల్సా? గ్రామర్ మస్తు ఘోరంగున్నది. కానీ ఎక్కడా ఆగలే నువ్వు" అన్నారు. ఆ మాట విన్నాకే నాకు తెలిసింది, ఇంతసేపూ నా నోరు ఎండలేదని.

ఆ నెలలోనే పంజాగుట్టలో ఒక ఆఫీసువాళ్లు నన్ను అదే ఐదేళ్ల ప్రశ్న అడిగారు. 'ఆన్ ద గ్రౌండ్' అని నాలుక చివరిదాకా వచ్చేసరికి నవ్వేశాను. ఎందుకు నవ్వావన్నారు. గుట్ట కథంతా చెప్పాను. వాళ్లూ నవ్వారు. ఉద్యోగం వచ్చింది. స్వీటు డబ్బా పట్టుకెళ్తే, సార్ ముందు "ఆర్టికల్స్ సరిగ్గ వాడినవా?" అని అడిగి, ఆ తర్వాత డబ్బా తెరిచారు.

ఆయనను తలుచుకుంటే మాత్రం ఆ ఆదివారం మేం తిరిగి రావడమే కళ్ల ముందుకొస్తుంది. బండల మీద జారి జారి ప్యాంటు వెనక చిరిగిపోతే నా చున్నీ ఇచ్చాను. అమీర్‌పేట మెట్రో కింద బస్సు దిగాం. పసుపుపచ్చ పూల చున్నీ నడుముకు చుట్టుకుని, ఒక చెయ్యి పైకెత్తి బస్సులనూ షేర్ ఆటోలనూ ఆపుతూ, గుర్తుపట్టి నిలబడిపోయిన పాత స్టూడెంట్లకు "గుడ్ ఈవినింగ్, గుడ్ ఈవినింగ్" అని తల వంచుతూ, సార్ తాపీగా రోడ్డు దాటుతున్నారు.