సూది దిగినా తెలియలేదు

మొదటిసారి మందు ఎక్కించుకుని ఇంటికి వచ్చిన సాయంత్రం బాత్‌రూమ్‌లోంచి నేను పెట్టిన కేకకి మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి తలుపు బాదింది. "ఏమైందమ్మా? పడ్డవా? తలుపు తియ్యి!" మూత్రం ఎర్రగా వచ్చింది. అచ్చం రోజా షర్బత్ రంగు. లోపల ఏదో తెగి రక్తమంతా పోతోందనుకున్నాను. గోడ పట్టుకుని నిలబడి, మందు మొదటి రోజే నన్ను మింగేసింది అనుకున్నాను.

అమ్మాయి ఆస్పత్రికి ఫోన్ చేసింది. అవతల నర్సు తాపీగా అంది: "ఎర్ర మందు ఎక్కిచ్చినం కదా, ఒకట్రెండు రోజులు గట్లనే ఒస్తది. పరేషాన్ కావద్దని చెప్పు. నీళ్ళు మంచిగ తాగమను. మీకు చెప్పలే?"

చెప్పారు. డాక్టరమ్మ ఒక కాగితం ముందు పెట్టుకుని అన్నీ చదివింది. వాంతులు, నోటిపూత, జుట్టు, గోళ్ళు, తిమ్మిర్లు, జ్వరం. ఎల్‌బీ నగర్‌లో విజయవాడ బస్సు ఎక్కినవాళ్ళు కండక్టరు అరిచే ఊళ్ళ పేర్లు విన్నట్టు విన్నాను. మన ఊరు వచ్చినప్పుడు దిగుదాం లే అన్నట్టు. ఆ ఊళ్ళన్నిట్లోనూ నేను దిగాల్సి ఉందని అప్పుడు తెలియదు.

నేను బట్టలు కుడతాను. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో, మేం కిరాయికుండే ఇంటి ముందుగదే నా షాపు. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి పెళ్ళయి వచ్చిన కొత్తలో మిషన్ నేర్చుకున్నాను. ఇరవై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. ఎందరి ఛాతీకో టేపు చుట్టాను. ఎవరికి ఒకవైపు కాస్త వదులు పెట్టాలో, ఎవరికి కాన్పు తరవాత కొలత మారిందో పుస్తకం చూడకుండా చెప్పగలను. నా కొలత మాత్రం నేనెప్పుడూ తీసుకోలేదు. పాత జాకెట్టు పరిచి దాని మీదే కత్తిరించుకునేదాన్ని. ఆడబిడ్డ కూతురి పెళ్ళికి పట్టుజాకెట్టు కుట్టుకుందామని ఒక మధ్యాహ్నం టేపు చుట్టుకుంటే, ఎడమవైపు చంక దగ్గర వేలికి చిక్కుడు గింజంత గట్టిగా తగిలింది. నొప్పి లేదు. కండేమోలే అనుకుని ఆ జాకెట్టు పూర్తిచేశాను, పెళ్ళికి వెళ్ళాను, వడ్డనలు కూడా చేశాను. పెళ్ళి నుంచి వచ్చాక చూపించుకుంటే క్యాన్సర్ అన్నారు, నెల తిరగకముందే ఎడమ రొమ్ము తీసేశారు. తరవాత కీమో అన్నారు. ఎర్ర మందు మూడు వారాలకొకసారి, నాలుగుసార్లు. ఆ తరవాత తెల్ల మందు, వారం వారం పన్నెండుసార్లు.

మొదటి మందు ఎక్కిన పదహారో రోజు పొద్దున జుట్టు ఊడింది. అంతకు ముందు రెండు రోజుల నుంచీ కుదుళ్ళు నొప్పి. బిగించి వేసుకున్న జడ సాయంత్రం విప్పినప్పుడు ఉంటుంది చూడండి, ఆ నొప్పి. దువ్వెన పెట్టి ఇలా లాగానో లేదో, చెవి పైనున్న జుట్టంతా దువ్వెనతోపాటు వచ్చేసింది. గడ్డి పీకినట్టు అందామంటే గడ్డికైనా కాస్త పట్టుంటుంది. నా చేతిలో ఉన్నది నా జుట్టేనని తెలుస్తూనే ఉంది, తల తడుముకుంటే మాత్రం వేరే ఎవరిదో తల.

మా ఆయన తనకు తెలిసిన మంగలి దగ్గర జుట్టు తీసే మిషన్ అడిగి తెచ్చాడు. షాపులో స్టూలు మీద కూర్చోబెట్టి, షట్టరు సగం దించి, తనే గీశాడు. "గుట్టకు పోయి దేవునికి మొక్కు చెల్లిచ్చినమనుకోయే" అన్నాడు. నవ్వుదామని చూశాను. రాలిన జుట్టును ఆయన వంగి ఒక్కొక్క పోగూ ఏరుతుంటే నవ్వు రాలేదు.

జుట్టు సంగతి అందరూ చెబుతారు, సినిమాల్లో చూపిస్తారు. ముక్కులో వెంట్రుకలు కూడా రాలతాయని ఎవరు చెబుతారు? కత్తిరించడానికి తల వంచితే చాలు, ముక్కులోంచి నీళ్ళు టప్పున గుడ్డ మీద పడేవి. జలుబు లేదు, ఏమీ లేదు. ఆపడానికి లోపల ఏదీ లేదు, అంతే. కనుబొమలు పోయిన రోజు అద్దంలో ముఖం చూసి నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాను. గుండు కంటే అది ఎక్కువ భయపెట్టింది. కోపమొచ్చినా ఏడుపొచ్చినా ముఖం ఒక్కలాగే ఉంది.

ఇక వాసనలు. మా ఆయన ట్రాలీ ఆటో నడుపుతాడు. అబ్దుల్లాపూర్‌మెట్ వైపు పండ్ల మార్కెట్ నుంచి ఇక్కడి దుకాణాలకి సరుకు వేస్తాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన చొక్కాకి ఏ కాలంలో ఆ పండు వాసన. అది నాకు ఇష్టం కూడా. ఒకరోజు ఆయన గడపలో అడుగు పెట్టగానే జామపండు వాసన వచ్చి, ఆయన కాళ్ళ ముందే వాంతి చేసుకున్నాను. ఆయన ముఖంలో రంగు పోయింది. తన మీదే అసహ్యపడ్డానని ఒక్క క్షణం అనుకున్నాడు, నాకు తెలిసింది. మర్నాటి నుంచి బయట నల్లా దగ్గరే స్నానం చేసి, తీగ మీద ఆరేసిన వేరే చొక్కా తొడుక్కుని లోపలికి వచ్చేవాడు.

పైన మా ఓనరమ్మ ఉంటుంది. తెనాలి వైపువాళ్ళు, రిటైరైన టీచరు, ఒంటరి మనిషి. నా ఆపరేషన్‌కి కొంచెం ముందు కిందికి వచ్చి, "మీ మిషను చప్పుడు నా బుర్రలో తిరుగుతోందమ్మా. నిద్ర పట్టట్లేదు. వేరే ఇల్లు చూసుకోండి" అని చెప్పి వెళ్ళింది. అప్పటి నుంచి మాటల్లేవు. మెట్ల మీద ఎదురైతే ఆవిడ ఫోన్ చూసుకునేది, నేను కొంగు సర్దుకునేదాన్ని.

రెండో ఎర్ర మందు అయిన పదో రోజు మధ్యాహ్నం ఒళ్ళు వెచ్చబడింది. అమ్మాయి కాలేజీకి, ఆయన మార్కెట్‌కి. థర్మామీటరు పెట్టుకుంటే నూటొకటి. అదేమంత జ్వరం? ఇంతకంటే ఎక్కువ జ్వరంలో దసరా గిరాకీకి జాకెట్లు కుట్టినదాన్ని. మాత్ర చేతిలో వేసుకుని నీళ్ళ గ్లాసు ఎత్తాను. అప్పుడే ఓనరమ్మ కరెంటు మీటరు చూడ్డానికి దిగి, తెరిచి ఉన్న తలుపులోంచి నన్ను చూసింది.

"ఏంటా మాత్ర?"

తరవాత ఇల్లు ఖాళీ చేయడం గురించే అడుగుతుందనుకున్నాను. "జర జ్వరమున్నది ఆంటీ. గోలి ఏసుకుని పండుకుంట" అన్నాను.

"కీమో ఎక్కించి ఎన్ని రోజులైంది?"

నేను తెల్లబోయాను. ఆవిడకు నేనేమీ చెప్పలేదు.

"తలకి గుడ్డ కట్టుకుని తిరుగుతుంటే తెలీదనుకున్నావా? ఎన్ని రోజులు?"

"పది."

"ఎంతుంది జ్వరం?"

"నూటొకటి. ఏం గాదు ఆంటీ, రేపు పొద్దుగాల పోతా."

ఆవిడ గబగబా వచ్చి నా చేతిలో మాత్ర లాక్కుని సింకులో పారేసింది. కోపంతో ముఖం ఎర్రబడింది. "లే. ఫైలు తీసుకో. చెప్పులేసుకో" అని, తనే సందు చివరికి పోయి ఆటో తెచ్చింది. నాకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. జ్వరం కంటే ఆవిడను చూసే ఎక్కువ భయమేసింది.

ఆటో మెట్రో స్తంభాల పక్కన ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, నా వైపు చూడకుండానే చెప్పింది. "మా చెల్లెలికి నీ జబ్బే. ఇలాగే ఒళ్ళు వెచ్చబడితే మాత్రేసి పడుకోబెట్టాం. పొద్దున చూద్దాంలే అన్నది నేనే."

ఆస్పత్రి రాగానే నా ఫైలు అందుకుని ముందు తనే దిగింది.

రక్తం తీసి చూసి డాక్టరమ్మ నన్ను అక్కడే మంచం ఎక్కించింది. తెల్ల కణాలు దాదాపు లేవట. "జ్వరం వస్తే వెంటనే రమ్మని చెప్పాను కదమ్మా. మాత్ర వేసుకుంటే జ్వరం దిగేది, లోపల ఇన్‌ఫెక్షన్ పాకుతూ ఉండేది. రేపటికి నువ్వు ఇలా కూర్చుని మాట్లాడేదానివి కాదు" అంది. నేను బాగానే ఉన్నాను! ఆకలి కూడా వేస్తోంది! అదే నన్ను కొట్టిపడేసింది. చావు పక్కన కూర్చుంటే ఏదో ఒకటి తెలుస్తుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నాకేమీ తెలియలేదు. నీళ్ళ గ్లాసు ఎత్తాను కూడా.

మా ఆయన మార్కెట్ నుంచి నేరుగా వచ్చి, లోపలికి రానీయకపోతే తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాడు. "గింత జ్వరానికా?" అని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు. ఓనరమ్మ జవాబు నాకు లోపలికి వినబడింది. "గింత జ్వరానికే, బాబూ." ఆవిడ నోట మా వైపు మాట వినడం అదే మొదటిసారి.

ఐదు రోజులున్నాను. ఇంటికి వచ్చాక ఇల్లు ఖాళీ చేసే సంగతి ఆవిడ ఎత్తలేదు.

తెల్ల మందు మొదలయ్యాక వాంతులు తగ్గాయి. కష్టం గట్టెక్కిందనుకుని మళ్ళీ మిషన్ ముందు కూర్చున్నాను. ఐదో వారానికి వేళ్ళ కొనలు మొద్దుబారాయి. గోళ్ళు నల్లబడ్డాయి, తలుపు సందులో నలిగినట్టు. బియ్యంలో చెయ్యి పెడితే బియ్యమో ఇసకో తెలిసేది కాదు. డాక్టరమ్మ ప్రతి వారం "తిమ్మిర్లు ఉన్నాయా?" అని అడిగేది. "కొంచెం" అనేదాన్ని. నిజం చెబితే మందు ఆపేస్తారని, ఆపితే జబ్బు తిరగబెడుతుందని నా భయం.

ఎప్పటినుంచో నా దగ్గరే కుట్టించుకునే ఒక లెక్చరరమ్మ తన చెల్లెలి నిశ్చితార్థానికి మీగడ రంగు పట్టుజాకెట్టు గుడ్డ ఇచ్చింది. కుట్టడం అయిపోయింది, హుక్సులు చేత్తో వేస్తున్నాను. మూడో హుక్కు దగ్గర గుడ్డ మీద ఎర్రటి చుక్క కనిపించింది. కుంకుమ రాలిందేమోనని నుదురు తడుముకున్నాను. మళ్ళీ చూస్తే చుక్క పెద్దదైంది. అప్పుడు చెయ్యి తిప్పి చూసుకున్నాను. సూది నా నడిమి వేలి గోటి కింద సగం దాకా దిగి ఉంది.

నొప్పి లేదు. సూది అలాగే నిలబడి ఉంది, దాన్ని నేనే చూస్తున్నాను, నాకేమీ తెలియడం లేదు. ఇరవై ఏళ్ళలో వెయ్యిసార్లు గుచ్చుకుని ఉంటుంది, ప్రతిసారీ "అబ్బా" అని వేలు నోట్లో పెట్టుకున్నాను. ఆ రోజు "అబ్బా" అనడానికి కూడా ఏమీ లేదు. రొమ్ము తీసేసినప్పుడు ఏడవలేదు, గుండు గీసినప్పుడు ఏడవలేదు. ఆ సూది పీకి పక్కన పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను.

లెక్చరరమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. వచ్చింది. మరక చూసింది, నా వేళ్ళు చూసింది. "చెయ్యి బాగ లేనప్పుడు ఒప్పుకోకుండ ఉండాల్సింది కదా అక్కా" అని, ఆ జాకెట్టుతోపాటు ఇంకా కత్తిరించని రెండు గుడ్డలు కూడా తీసుకుపోయింది. మళ్ళీ రాలేదు. తప్పు నాదే, ఆమెను ఏమనను?

డాక్టరమ్మకు ఈసారి దాచలేదు. ఆమె తలపట్టుకుంది. "ఇన్ని వారాలు కొంచెం కొంచెం అంటూ వచ్చావా? డోసు తగ్గించడానికి వీలుంది, ఒక వారం ఆపడానికి వీలుంది. నువ్వు చెబితేనే కదా నాకు తెలిసేది?" అంది. మందు తగ్గించి మిగిలిన వారాలు పూర్తి చేసింది.

హుక్సుల పని ఎవరు చేయాలా అని నేను ఆలోచిస్తుండగా, ఒక సాయంత్రం ఓనరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని కిందికి వచ్చి కూర్చుంది. "ఇవ్వు. బడిలో పిల్లలకి కుట్లు నేర్పినదాన్నే" అంది. ఇప్పటికీ వారానికి రెండుసార్లు వస్తుంది. మిషను చప్పుడు భరించలేనని తిడుతూనే హుక్సులు వేస్తుంది. కాజాలు నాకంటే బాగా కుడుతుంది, ఆ మాట ఆవిడతో అనలేదు.

మందులు ముగిసి ఏడాది దాటింది. జుట్టు ఉంగరాలు తిరిగి వచ్చింది. మా ఇంట్లో ఎవరికీ లేని ఉంగరాలు. వేళ్ళకి స్పర్శ చాలావరకు తిరిగొచ్చింది. కాళ్ళకి రాలేదు.

పోయిన నెల లైనింగ్ గుడ్డ తెచ్చుకుందామని మెయిన్ రోడ్డు మీదికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, బస్‌స్టాపు దగ్గర తోసుకునే జనం. దుకాణం ముందు పూలమ్మే ఆవిడ నన్ను చూసి, "ఓ అమ్మా! ఒక కాలుకు చెప్పేది?" అని అరిచింది. కిందికి చూసుకున్నాను. ఎడమ పాదం ఉత్తది. కాలే సిమెంటు మీద ఎంత దూరం నడిచానో తెలియదు. చెప్పు ఎక్కడ జారిపోయిందోనని ఆ జనంలో వెనక్కి తిరిగి వెతికాను. ఆవిడే చెయ్యి పట్టుకుని తన గోనెపట్టా మీద కూర్చోబెట్టి, పూల మీద చల్లే నీళ్ళు నా కాలి మీద పోసింది. "కాల్తలేదా నీకు?" అంది. చల్లగా కూడా లేదు నాకు.

సాయంత్రానికి అరికాలంతా బొబ్బలు. మర్నాడు మా ఆయన వెనక బెల్టున్న చెప్పులు తెచ్చాడు. ఆ స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు అంది డాక్టరమ్మ. ఇప్పుడు రోజూ కాలేజీ నుంచి రాగానే మా అమ్మాయి నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందులు కూడా విడదీసి, గాజుపెంకో ముల్లో ఉందేమోనని వెతుకుతుంది. "ఇయాల ఏం లేదమ్మా" అంటుంది. ఆమె చేతులు నా పాదాల మీద ఉన్నాయని కళ్ళతో చూస్తేనే నాకు తెలుస్తుంది.