సేవకుడు అనే మాట

రాస్కో బ్రేటన్‌కి డెబ్బై నాలుగేళ్ళు. అందులో నలభై ఏళ్ళు మునిసిపాలిటీ రంగు డబ్బాలతోనే గడిచాయి. అమెరికాలో రోడ్ ఐలాండ్ తీరంలోని మా కోల్‌ఫర్డ్‌లో, జూలై నాలుగున, స్వాతంత్ర్య దినాన, ఊరేగింపు నడిచే వీధి నడుమ ఎరుపు, తెలుపు, నీలం గీతలు వేసింది అతనే.

ఊరంటే అతనికి చిన్నప్పుడు నాన్న భుజాలెక్కి చూసిన ఊరేగింపే. బాకాల ఇత్తడి మీద ఎండ, మోచేతుల దాకా కారే నిమ్మకాయ ఐసు, అందరికంటే ముందు నడిచే పెద్దాయన భుజాన మెరిసే పట్టీ. "అది ఒకనాటికి నువ్వేసుకోవాలిరా" అనేవాడు నాన్న.

ఊరేగింపు అయ్యాక నాన్న చర్చి వెనక సమాధుల్లోకి తీసుకెళ్ళేవాడు. అక్కడ ప్రైమస్ రాయి ముందు చిన్న జెండా గుచ్చేవాడు. ప్రైమస్ వాళ్ళ తాతముత్తాతల్లో ఒకడు, స్వాతంత్ర్య యుద్ధంలో తుపాకీ పట్టినవాడు. రాయి మీద మాత్రం "కెప్టెన్ బ్రేటన్ గారి నమ్మకమైన సేవకుడు" అని ఉంటుంది. ఆ కెప్టెన్ ఆఫ్రికా మనుషుల్ని ఓడల్లో తెచ్చి అమ్మినవాడు. ఊళ్ళో సగం మేడలు ఆ డబ్బుతో లేచినవే. కొన్న మనుషులకి యజమాని పేరే అంటగట్టేవాళ్ళు, అలా రాస్కో ఇంటిపేరూ ఆయనదే. అయినా ఊళ్ళో బానిస అన్న మాట ఎవరి నోటా వచ్చేది కాదు. మా పెద్దలు సేవకులని రాస్కో బళ్ళో గొప్పలు కూడా చెప్పుకున్నాడు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే, నాన్న టోపీ మేకుకి తగిలించి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఈ ఏడు పట్టీ రాస్కోకే అన్నారు. సరిగ్గా అప్పుడే సమాధుల దగ్గర పెట్టే కొత్త పలక మీద ఏం చెక్కాలని రగడ మొదలైంది. సేవకులా, బానిసలా? జెండా పండగ ముందు ఊరి పరువు తీస్తారా అని కొందరు, నిజం చెబితే పోయేదేం పరువని కొందరు. చివరికి ఊరి సభ పెట్టారు.

ఊరేగింపు కమిటీ పెద్ద వెండెల్, బళ్ళో రాస్కో పక్కన కూర్చున్నవాడే, వచ్చి రాస్కో ఇంటి మెట్ల మీద కూలబడ్డాడు.

"నువ్వేం చెప్పక్కర్లేదురా. సభకి రాకపోతే చాలు. పట్టీ నీదే."

"వస్తే?"

"మా కమిటీవాళ్ళ సంగతి తెలీదా నీకు? ఇన్నేళ్ళు ఆగావు, ఇంకొక్క నెల నోరు మూసుకోలేవా?"

రాస్కో వెళ్ళాడు. మైకు ముందు నిలబడ్డాడు.

"సేవకుడైతే నచ్చనప్పుడు పని మానేసి పోతాడు. మా ప్రైమస్ అలా పోడానికి యుద్ధంలో చేరాల్సొచ్చింది, చేరితేనే విడుదలన్నారు. ఈ దేశం కోసం పోరాడినవాడి గురించి అబద్ధం రాసి, పక్కన జెండా గుచ్చడం ఇక నా వల్ల కాదు. వాడు బానిస. ఆ మాటే చెక్కండి."

నచ్చకపోతే ఊరొదిలి పొమ్మన్నాడు వెనక వరసలో ఒకడు.

"పోతాలే. గీతలు నువ్వేస్తావా మరి? మీ గేటుకే తిన్నగా రంగెయ్యలేవు" అన్నాడు రాస్కో. సగం సభ నవ్వింది.

పదకొండు ఓట్ల తేడాతో అతని మాటే నెగ్గింది. పట్టీ వెండెల్ బావమరిదికి పోయింది. ఆ సంగతి వెండెల్ ఫోన్ చేసైనా చెప్పలేదు. రాస్కో పేపర్లో చూసుకున్నాడు, రెండు రోజులు గడప దాటలేదు. ఇప్పటికీ పట్టీ మాటెత్తితే మొహం తిప్పుకుంటాడు. సభకి వెళ్ళినందుకు మాత్రం ఒక్కసారీ నొచ్చుకోలేదు.