నోరు కట్టుకుని పట్టుకున్న ఇడ్లీ లోపం

1995 ఫిబ్రవరి. అనకాపల్లి నుంచి బస్సులో చోడవరం వచ్చి, హోటళ్లలో వెట్ గ్రైండర్లు, అంటే పిండి రుబ్బే యంత్రాలు, బాగుచేసేవాణ్ని. ఆ ఊరి హోటళ్లు నాకు ఇడ్లీలతోనే గుర్తు. బస్టాండు దగ్గరిది పల్చగా ఉండి, ముట్టుకుంటే విరిగేది. మార్కెట్ వీధిలోది బొద్దుగా ఉండేది. మాడుగుల రోడ్డులో ఇడ్లీ మామూలే గానీ, అల్లం చట్నీ కోసం రెండో ప్లేటు తినాల్సిందే. ఎక్కడికెళ్లినా ముందు తిని, తర్వాతే స్పానర్ తీసేవాణ్ని. సగం రిపేరు నా నాలుకే చెప్పేస్తుందని గొప్పలు పోయేవాణ్ని కూడా.

అప్పలనరసమ్మ గారి హోటల్ గోవాడ వెళ్లే రోడ్డులో ఉండేది. ఫ్యాక్టరీకి చెరకు తోలే బళ్లవాళ్లే ఆవిడ బేరం. క్రషింగ్ సీజన్, అంటే చెరకాడే ఆ నాలుగు నెలలూ బాగా నడిస్తేనే ఏడాదంతా ఆ ఇల్లు గడిచేది. నేను వెళ్లేసరికి, నడి సీజన్‌లో, బల్లలన్నీ ఖాళీ.

“సూడు బాబూ, రాళ్లలా వస్తన్నాయి. పప్పు మార్చేను, నీళ్లు మార్చేను. బళ్లోళ్లందరూ బస్టాండుకి పోతన్నారు. ఈ వారం కూడా ఇలాగే ఉంటే హోటల్ మూసెత్తాను,” అంటూ ప్లేటు నా ముందు పెట్టింది.

“రంజాన్ నెల పిన్నీ. పొద్దుగూకేదాకా ముట్టను.”

“అయ్యో! మరి నీకెలా తెలుస్తాది?”

నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం. ఆవిడ పప్పు వేసి గ్రైండర్ తిప్పింది. కాసేపయ్యాక చేతులు కడుక్కుని పిండిలో వేళ్లు పెట్టాను. వెచ్చగా ఉంది. వంగి చూస్తే మోటారుకి పెద్ద పుల్లీ కనిపించింది. పుల్లీ అంటే బెల్టు తిరిగే చక్రం.

“ఇదెవరు మార్చేరు?”

“నేనే మార్పించేను. సీజన్ కదా, గంట పని అరగంటలో అయిపోతంది,” అంది మురిపెంగా.

“ఆ స్పీడుకే పిండి కాగుతంది పిన్నీ. ఇంకేటి పొంగుద్ది?”

“పో బాబూ! ఇది వచ్చేకే కదా నా నడుం నొప్పి తగ్గింది. దీన్నంటావేటి?”

నాకు ఒళ్లు మండింది. “పద పిన్నీ, ఊరు చుట్టొద్దాం,” అన్నాను.

హోటళ్లన్నీ పిండి రుబ్బుకునే వేళ అది. బస్టాండు, మార్కెట్ వీధి, మాడుగుల రోడ్డు, ఆ మూడు చోట్లా ఎవరి వంటింట్లోకైనా నేను అడక్కుండా వెళ్లగలను. పోటీ హోటలావిడని వెంటబెట్టుకెళ్లినా ఒక్కరూ కాదనలేదు. ప్రతిచోటా ఆవిడ చేయి కడుక్కుని పిండి ముట్టుకుంది. అంతటా చల్లగానే ఉంది. తిరిగొచ్చి, తన గ్రైండర్ తిప్పి, చేయి పెట్టింది.

“చంటిపిల్లకి జొరం వచ్చినట్టున్నాది బాబూ,” అంది మెల్లగా.

పాత పుల్లీ అటక మీదే ఉంది. అది బిగించి, కొత్తగా పప్పు రుబ్బించి వెళ్లాను.

మర్నాడు పొద్దుగూకే వేళకి వెళ్తే, ఆకులో రెండు ఇడ్లీలు మూతపెట్టి ఉంచింది. “పొద్దున్న బళ్లోళ్లు నలుగురు తిని, మళ్లీ అడిగేరు. నేను మాత్రం ముట్టలేదు. ముందు నువ్వు సెప్పాల.”

ఖర్జూరంతో రోజా ఉపవాసం విడిచి, ఇడ్లీ తుంచాను. దూదిలా ఉంది. వారం తిరిగేసరికి ఆ బల్లల దగ్గర చోటు లేదు.

ఆ రోజు నుంచి ఏ హోటల్‌కి వెళ్లినా ముందు పిండిలో చేయి పెడతాను, తర్వాతే ప్లేటు అడుగుతాను. చోడవరంలో రుచి చూడకుండా నేను బాగుచేసిన మొదటి గ్రైండరు అదే. నా పని నాకు వచ్చని నేను నమ్మింది కూడా ఆ రోజే.