యాభయ్యో పేజీలో గుర్తులు

నోలీన్ ప్రాట్లీ గురించి చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం ఒప్పుకోవాలి. కురిండా కౌన్సిల్ వారి, ఊరూరా తిరిగే లైబ్రరీ వ్యాన్ నడపడానికి చేరిన కొత్తలో, అందులో ఆవిడ చూసుకునే రెండు అరల ప్రేమకథల్ని చూసి నవ్వాను.

"అన్నీ ఒకటే కదా నోలీన్! అమ్మాయి, అబ్బాయి, అపార్థం, ముద్దు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నలభై ఏళ్లు గొర్రెల ఉన్ని కత్తిరించేవాళ్లకి వండిపెట్టాను. రోజూ మాంసమే. అయినా ఒక్కడూ నిన్నటిదే ఇవాళా పెట్టావనలేదు. నువ్వు వీటిలో ఒక్కటైనా చదివావా?"

"లేదు."

"అయితే నోరు మూసుకుని స్టీరింగ్ చూసుకో."

ఆ నోటికి ఎవరైనా భయపడాల్సిందే. ఆ చేతికి మాత్రం దణ్ణం పెట్టాలి. గోధుమ పొలాల మధ్య వ్యాన్ ఆగగానే ఒకావిడ ఎక్కి, "ఈసారి మొగుడు చచ్చిపోయే కథ ఇవ్వకు తల్లీ, ఇంట్లో అయింది చాలు" అనేది. ఆవిడకి కడుపుబ్బ నవ్వించే పశువుల డాక్టరు కథ. ఇరవై ఏళ్ల కాపురంలో మాటలు కరువైనావిడకి, మొగుడూ పెళ్లాలే మళ్లీ ప్రేమలో పడే కథ. ఇద్దరు ఆడవాళ్ల ప్రేమ, దయ్యాల బంగళా, రాజుల కాలం, కరువులోనూ పొలం అమ్మనన్న మొండిఘటం... అబ్బో, ఆ అరల్లో లేనిదేముంది! సెప్టిక్ ట్యాంకులు తోడే బారీ "మా ఆవిడకి" అంటూ రెండేసి పట్టుకెళ్లేవాడు. వాడికి పెళ్లే కాలేదు.

ఈ పుస్తకాలకి కార్డు లేదు, తారీఖు ముద్ర లేదు. చదివినవాళ్లు యాభయ్యో పేజీ మూల తమ గుర్తు చిన్నగా వేస్తారు. చదివిందే మళ్లీ పొరపాటున తీసుకెళ్లకుండా అదొక ఏర్పాటు. ఒకరిది నక్షత్రం, ఇంకొకరిది గొళ్లెం. బారీది తాబేలు, వాడు గీస్తుంటే నేనే చూశాను. ఏది ఎవరిదో నోలీన్‌కి తెలుసు. చచ్చినా చెప్పదు.

ఆ ఏర్పాటే కొంప ముంచింది. సిటీ నుంచి తిరిగొచ్చి లైబ్రరీ అధికారి అయిన ట్రెంట్ హాలవే ఒక శుక్రవారం పొద్దున వ్యాన్ ఎక్కాడు.

"నోలీన్ గారూ, కంప్యూటర్ లెక్క ప్రకారం పదేళ్లలో ఈ అరల నుంచి ఒక్క పుస్తకం బయటికి పోలేదు. ఇవాళ తీసేస్తున్నాం."

"గారూ గీరూ ఏంట్రా? నీ ముక్కు తుడిచిన చెయ్యి ఇది. ఏదైనా తీసి యాభయ్యో పేజీ చూడు."

చూశాడు. "పిచ్చిగీతలు."

"మనుషులు. ఒక్కో గీతా ఒక్కో మనిషి."

"ఎవరెవరో పేర్లు రాసివ్వండి. పై వాళ్లకి చూపించి ఆపిస్తాను."

నోలీన్ ముఖం పాలిపోయింది. ఆ అరలే ఆవిడ ప్రాణం. "నీలాంటివాళ్లు నవ్వుతారనేగా వీళ్లు పేరు దాచుకుంది! నన్ను నమ్మి తీసుకెళ్లారు. పేర్లివ్వను. తీసుకుపో."

నాకు ఒళ్లు మండింది. చెప్పెయ్యవే మహాతల్లీ అనుకున్నాను. తాబేలు సంగతైనా నేనే చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆవిడ చూసిన చూపుకి నోరు మూతపడింది.

ట్రెంట్ పుస్తకాలు దించడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒకటి చేతిలో తెరుచుకుంది. అలాగే నిలబడిపోయాడు. యాభయ్యో పేజీ మూల మూడు చిన్న చేపలు, పక్కపక్కనే.

"ఈ చేప... చిన్నప్పుడు మా అమ్మ నా లంచ్ సంచి మీద రోజూ గీసేది."

వాళ్లమ్మ మొయిరా ముప్పై ఏళ్లు మా బడి హెడ్మిస్ట్రెస్. ఏ సభలో మైకు దొరికినా ఈ పుస్తకాల్ని చెత్త అని దుమ్మెత్తిపోసేది.

"అమ్మేనా? చెప్పండి ఆంటీ."

"చదివినవాళ్ల పేరు చెప్పను."

"మూడుసార్లు ఎందుకు తీసుకెళ్లింది? చదివేశానని గుర్తు పెట్టుకుని మరీ!"

నోలీన్ ఆ పుస్తకం వాడి చేతిలోంచి తీసుకుని మూసింది.

"కథైనా చెప్పండి."

"కథ చెబుతాను. అరవై దాటిన విధవరాలు. బడిపంతులమ్మ కాదులే, తేనెటీగలు పెంచుతుంది. పక్కూరాయన ఒకడు పెళ్లి చేసుకుందామంటాడు. ఆవిడకీ ఇష్టమే."

ట్రెంట్ వ్యాన్ మెట్టు మీద కూలబడ్డాడు. ఎందుకో ఊళ్లో అందరికీ తెలుసు. మొగుడు పోయిన ఆరేళ్లకి, బోర్లు వేసే డెస్‌ని పెళ్లి చేసుకుంటానంది మొయిరా. "ఈ వయసులో ఇదేం పిచ్చమ్మా, ఊరు నవ్వుతుంది" అని వీడు సిటీ నుంచి ఫోన్లో అరిచాడు. ఆ పెళ్లి జరగలేదు. మొయిరా పోయి కూడా రెండేళ్లయింది.

ట్రెంట్ తలెత్తి అడిగాడు. "మరి... ఆవిడ పిల్లలు? పెళ్లికి వస్తారా?"

నోలీన్ వాడి పక్కనే కూర్చుంది. "కొడుకొకడే. మొదట్లో ఎగిరిపడతాడు. చివరి పేజీలో మటుకు కారు తుడిచి, తల్లిని ఎక్కించుకుని, తనే నడుపుకుంటూ పెళ్లికి తీసుకెళతాడు."

వాడు రెండు చేతుల్లో ముఖం దాచుకుని పసివాడిలా ఏడ్చాడు. నాకూ ఆగలేదు, సిగ్గేముంది. దించిన పుస్తకాలన్నీ నోలీన్ మళ్లీ సర్దుకుంది. వాడు అడ్డు చెప్పలేదు.

ఆ ఆదివారం ట్రెంట్ వెళ్లి డెస్ ఇంటి తలుపు తట్టాడు.